పలక పట్టకముందే పలికిన చేతులు

డౌన్ సిండ్రోమ్ చిన్నారులకు సైగలతో మాటల బాట
‘సైగ నేర్పితే మూగవారవుతారన్న భయం వద్దు’

మార్కాపురం (మా విలేకరి) : ఆ రాత్రి పాప నిద్రపోలేదు. ఒకటే ఏడుపు. కడుపునొప్పేమోనని తల్లి వాము నీళ్ళు పట్టింది. దిష్టి తగిలిందేమోనని అవ్వ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తెల్లవారాక ఊళ్ళోని వైద్యుడు జ్వరం మందు ఇచ్చాడు. రెండో రాత్రీ అదే ఏడుపు. మూడో రోజు ఉదయం చెవిలోంచి చీము కారి దిండు తడిసింది. నొప్పి కడుపులో కాదు, చెవిలో ఉందని అప్పుడుగాని ఇంట్లో వారికి తెలియలేదు.

పాపకు అప్పుడు నాలుగేళ్ళు. ఆ వయసు పిల్లలు ఎక్కడ నొప్పిగా ఉందో నోటితో చెబుతారు. ఈ పాప చెప్పలేదు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉంది. పిలిస్తే వస్తుంది. ‘గ్లాసు తే’ అంటే తెస్తుంది. నాన్న సైకిల్ చప్పుడు వినగానే గుమ్మంలోకి పరుగెడుతుంది. అన్నీ అర్థమవుతాయి. నోట మాత్రం మాట రాదు.

“మూడు రోజులు బిడ్డ అగ్గిలో పడ్డట్టు ఏడిస్తే, యాడ నొప్పో కూడా కనుక్కోలేకపోయినా. నేనేం తల్లినన్నా?” అని ఆ తల్లి ఈ విలేకరితో చెబుతూ కంటతడి పెట్టింది. ఇది రెండేళ్ళ కిందటి సంగతి. మార్కాపురానికి దగ్గరలోని ఓ పల్లె వారిది. తండ్రి పలకల ఫ్యాక్టరీలో కూలీ. పేర్లు వేయవద్దని కోరినందున ఇక్కడ రాయడం లేదు.

ఇప్పుడా పాపకు ఆరేళ్ళు. నొప్పి అయితే చూపుడు వేలితో నొప్పి ఉన్న చోట రెండుమూడుసార్లు పొడిచి, ముఖం చిట్లించి చూపుతుంది. దాహమైతే బొటనవేలు నోటి దగ్గర పెడుతుంది. చాలంటే అరచేయి నిలబెడుతుంది. ఇంకా కావాలంటే నాలుగు వేళ్ళతో రెండో అరచేతి మీద తడుతుంది. ఇలా ముప్పైకి పైగా సైగలు వచ్చాయి. వాటి వెనుకే మాటలూ ఒకటొకటిగా వస్తున్నాయి.

తప్పు తల్లిది కాదు

మన పల్లెల్లో ఇలాంటి బిడ్డ పుడితే మొదట మాట పడేది తల్లే. గ్రహణం నాడు బయట తిరిగిందని ఒకరు, తినరానిది తిన్నదని ఒకరు, పూర్వజన్మ పాపమని ఇంకొకరు అంటారు. ఇందులో ఏదీ నిజం కాదు.

మనిషి ఒంట్లోని ప్రతి కణంలోనూ సాధారణంగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న వారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. నూటికి 95 మందిలో జరిగేది ఇదే. బిడ్డ కడుపున పడే వేళ కణ విభజనలో దొర్లే పొరపాటు ఇది. తల్లి చేసిన పని వల్ల గాని, తండ్రి చేసిన పని వల్ల గాని వచ్చేది కాదు. తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుంది గాని, చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉన్నారు. ఇది అంటువ్యాధి కాదు. మందులతో పోయే జబ్బూ కాదు.

ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్‌డన్ డౌన్ 1866లో ఈ లక్షణాలను మొదట వివరంగా రాశాడు. అందుకే ఆయన పేరు వచ్చింది. కారణం క్రోమోజోమేనని ఫ్రాన్సుకు చెందిన జెరోమ్ లెజూన్, ఆయన సహచరులు 1959లో వెల్లడించారు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి 1,000 నుంచి 1,100 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతున్నది. ఇరవై ఒకటో క్రోమోజోము మూడు ఉంటుంది కనుక మూడో నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని 2012 నుంచి ఐక్యరాజ్యసమితి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తున్నది. వీరిని పూర్వం వైద్య పుస్తకాలలోనూ, పత్రికలలోనూ పిలిచిన పేర్లు అవమానకరమని ఇప్పుడు మానేశారు. ఊళ్ళలో మాత్రం ఆ పిలుపులు ఇంకా పోలేదు.

అర్థం ముందు, మాట వెనుక

ఈ పిల్లలకు మాట ఎందుకు ఆలస్యం? దీనికి కారణాలు నాలుగైదు ఉన్నాయి. ఒంట్లో కండరాలు మెత్తగా, పట్టు లేకుండా ఉంటాయి. పెదవులు, నాలుక, దవడ కూడా కండరాలే కదా. నోటి లోపలి చోటు చిన్నది, అందులో నాలుక కదలడానికి జాగా తక్కువ. ఒక మాట పలకాలంటే నాలుక, పెదవులు, ఊపిరి ఒకదాని వెంట ఒకటి కదలాలి. ఆ వరుస కుదరడం వీరికి కష్టం. పైగా చెవి సరిగా వినపడదు. విన్న మాటను కాసేపు మనసులో నిలుపుకోవడం కూడా కష్టమే.

అయితే కంటితో చూసింది మాత్రం బాగా పట్టుకుంటారు. చూసి అనుకరించడంలో దిట్టలు. ఎదుటివారి ముఖం చూసి కోపమో ప్రేమో ఇట్టే కనిపెడతారు. చేతి కదలిక నాలుక కదలిక కంటే సులువు. చేతిని తన కళ్ళతో తాను చూసుకోవచ్చు. ఎదుటివారు పట్టుకుని దిద్దవచ్చు. నాలుకను అలా పట్టుకుని దిద్దలేం.

మాట అర్థమయ్యే వయసుకూ, మాట పలికే వయసుకూ మధ్య ఈ పిల్లల్లో రెండు మూడేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఎడం పడుతుంది. మనసులో ఉన్నది బయటికి చెప్పలేక వారు ఉడికిపోయే కాలం ఇదే. గిల్లడం, విసరడం, నేల మీద పడి దొర్లడం అందుకే. మనం మొండితనం అనుకుంటాం. ఆ ఎడం దాటడానికి వేసే తాత్కాలిక వంతెనే సైగ.

ఇంగ్లండు ఆస్పత్రిలో మొదలు

సైగలు చెవిటివారికే అని మనలో చాలామంది అనుకుంటారు. వినికిడి లోపం ఉన్నవారిది సంపూర్ణమైన భాష. దానికి సొంత వ్యాకరణం ఉంది. మాట్లాడే మాట అవసరం లేకుండానే అందులో కథ చెప్పవచ్చు, వాదం చేయవచ్చు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు నేర్పే పద్ధతి వేరు. ఇందులో నోటితో పూర్తి మాట చెబుతూనే, ముఖ్యమైన ఒకటి రెండు మాటలకు మాత్రం సైగ చేస్తారు. ‘పాపా, బువ్వ తింటావా?’ అని నోటితో అంటారు. ‘తినడం’ ఒక్కదానికే చేతితో సైగ.

ఇటువంటి పద్ధతుల్లో పేరుపొందినది ‘మకటన్’. ఇంగ్లండులో మార్గరెట్ వాకర్ అనే వాక్ చికిత్స నిపుణురాలు 1972-73లో, సర్రే ప్రాంతంలోని ఒక ఆస్పత్రిలో దీనికి శ్రీకారం చుట్టారు. వినికిడి లోపం, మేధో వైకల్యం రెండూ ఉన్న పెద్దవారు అక్కడ ఉండేవారు. వారితో మాట కలిపే దారి లేక, బ్రిటిష్ సంకేత భాష నుంచి నిత్యావసరమైన మాటల సైగలను ఏరి నేర్పారు. కాథీ జాన్‌స్టన్, టోనీ కార్న్‌ఫోర్త్ ఆమెకు తోడయ్యారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలను కలిపితే వచ్చిన పేరే మకటన్. తర్వాత ఇది పసిపిల్లలకూ పాకింది. ఇప్పుడు అనేక దేశాల్లో డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఏడాది వయసు నిండే లోపే మాటతో పాటు సైగలు మొదలుపెడుతున్నారు.

మన దేశంలో వాడుకోవడానికి పరాయి దేశపు సైగలే అక్కరలేదు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 3,000 మాటలతో 2018లో మొదలైన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగింది. ప్రతి మాటకూ వీడియో ఉంది. సెల్‌ఫోన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అందులోంచి ఇంటికి పనికివచ్చే ఓ పది మాటలు తీసుకుంటే చాలు, మొదటి ఏడాది గడుస్తుంది.

అవ్వ అడ్డు చెప్పింది

మన పల్లె పాప దగ్గరకు వద్దాం. చెవి నొప్పి తగ్గిన కొన్నాళ్ళకు, ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే ఒక ఉపాధ్యాయిని ఆ ఇంటికి వచ్చింది. సైగలతో మొదలుపెడదామని చెప్పింది. తల్లి సరే అంది. అవ్వ ఒప్పుకోలేదు.

“ఉన్న నోరు కూడా పోగొడతారా ఏందమ్మా? రేపు బడికి పోతే మూగది వచ్చిందని నవ్వరా? నాలుగేళ్ళకు రాని మాట ఐదేళ్ళకు వస్తది. మా తమ్ముడికి ఆరేళ్ళకు వచ్చింది” అని అవ్వ ఆ రోజు వాదించింది. ఈ మాట తానే ఈ విలేకరికి చెప్పి నవ్వింది.

అవ్వ భయం ఒక్క అవ్వదే కాదు. మార్కాపురం, తర్లుపాడు, కంభం, గిద్దలూరు వైపు ఈ విలేకరి కలిసిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మొదట అడిగినది ఇదే: ‘చేతితో చెప్పడం అలవాటైతే ఇక నోరు తెరుస్తాడా?’ చదువుకున్నవారూ అడిగారు. సైగలు వద్దని తమతో చెప్పిన వైద్యులూ ఉన్నారని ఇద్దరు తండ్రులు తెలిపారు.

ఈ ప్రశ్నకు పరిశోధకులు ఎప్పుడో జవాబు వెతికారు. అమెరికాకు చెందిన మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు, ఎదుగుదల లోపాలున్నవారికి సైగలు, బొమ్మలు వంటివి నేర్పినప్పుడు మాట ఏమవుతున్నదో చూసిన పాత అధ్యయనాలన్నింటినీ జల్లెడ పట్టి 2006లో ఫలితం ప్రకటించారు. గట్టి ఆధారం ఉన్న 27 మందిని లెక్కలోకి తీసుకుంటే, మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. నూటికి 11 మందిలో మార్పు లేదు. మిగిలిన 89 మందిలో మాట పెరిగింది. పెరుగుదల కొందరిలో కొద్దిగానే ఉన్నా, తగ్గినవారు మాత్రం లేరన్నదే ఇక్కడ ముఖ్యం.

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మామూలు పసిబిడ్డ కూడా మాట కంటే ముందు చేయే చాపుతుంది. టాటా చెబుతుంది. దండం పెడుతుంది. ఎత్తుకోమని రెండు చేతులూ పైకెత్తుతుంది. దండం పెట్టడం నేర్పినందుకు ఏ బిడ్డా మూగ కాలేదు. నోటి మాట వస్తే అదే సులువు కనుక చేయి తనంతట తాను దిగిపోతుంది. మన పాప ‘బువ్వ’ అనడం నేర్చిన రెండు నెలలకు ఆ సైగ మానేసింది. ఎవరూ మానమని చెప్పలేదు.

నేర్పడం ఎలా?

ఉపాధ్యాయిని ఆ ఇంటివారికి చెప్పిన సూత్రాలు ఏ ఇంటికైనా పనికివస్తాయి. వీటికి ఖర్చు లేదు. ఓపిక మాత్రం కావాలి.

మొదటిది, సైగతో పాటు మాట తప్పనిసరిగా పలకాలి. నోరు మూసుకుని చేయి ఆడించకూడదు. మాట నిదానంగా, చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి.

రెండోది, బిడ్డ కళ్ళ ఎత్తుకు మనం దిగాలి. చాప మీద కూర్చుని, ముఖాముఖిగా, వెలుతురు మన ముఖం మీద పడేటట్లు ఉండాలి. బిడ్డ మన చేతినీ, పెదవులనూ ఒకేసారి చూడాలి.

మూడోది, బిడ్డకు కావలసిన మాటలతోనే మొదలుపెట్టాలి. రంగులూ, అంకెలూ తర్వాత. తిను, నీళ్ళు, ఇంకా, చాలు, వద్దు, రా, నొప్పి, అమ్మ - ఇలాంటివి ఐదారు చాలు. ‘వద్దు’ నేర్పడానికి వెనకాడకూడదు. వద్దని చెప్పగలిగిన బిడ్డ గిల్లడం మానేస్తుంది.

నాలుగోది, వస్తువు ఎదురుగా ఉన్నప్పుడే సైగ చేయాలి. నీళ్ళ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ‘నీళ్ళు’. అరటిపండు ఒక ముక్క పెట్టి, రెండో ముక్క చేతిలో పట్టుకుని ‘ఇంకా కావాలా?’ పాఠంలా గంటసేపు కూర్చోబెడితే లాభం లేదు. అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, రోజుకు ఇరవైసార్లు అదే సైగ రావాలి.

ఐదోది, అడిగి ఆగాలి. మనసులో పది లెక్కపెట్టాలి. ఈ పిల్లలకు విన్నది లోపలికి పోవడానికీ, జవాబు బయటికి రావడానికీ మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. మనం తొందరపడి మనమే జవాబు చెబుతాం. దానితో బిడ్డ చేయి ఎత్తే అవసరమే లేకుండా పోతుంది.

ఆరోది, వంకర సైగనూ మెచ్చుకోవాలి. ఈ పిల్లల వేళ్ళు పొట్టిగా, పట్టు లేకుండా ఉంటాయి. పసిబిడ్డ ‘నీళ్ళు’ను ‘నీను’ అన్నా మనం నీళ్ళు ఇస్తాం కదా, ఇదీ అంతే.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది - ఇంట్లో అందరూ ఒకే సైగ చేయాలి. అమ్మ ఒక రకం, నాన్న ఒక రకం చేస్తే బిడ్డకు ఏదీ పట్టుబడదు. అమ్మ ఒక్కతే నేర్చుకుంటే, అమ్మ కూలికి వెళ్ళిన పూట బిడ్డ మళ్ళీ మూగదే.

ఈ చివరి మాటే అవ్వను కదిలించింది. తల్లి మిరప కోతలకు, తండ్రి ఫ్యాక్టరీకి వెళ్ళాక పగలంతా పాపతో ఉండేది అవ్వే. మొదట్లో కోడలు సైగ చేస్తే ముఖం తిప్పుకున్న అవ్వ, ఓ మధ్యాహ్నం పాప తన కొంగు లాగి బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు ఇచ్చింది. పాప తాగి నవ్వింది. “ఆ పొద్దు నుంచి నేనూ నేర్చుకున్నా నాయనా. నాకూ పళ్ళు ఊడినయ్, నా మాట ఎవరికీ అర్థం కావడంలేదు. మా ఇద్దరికీ చేతులే సరి” అంటుంది అవ్వ.

నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం పాప అవ్వ దగ్గరకు వచ్చి చెవిని వేలితో పొడిచి చూపింది. ముఖం చిట్లించింది. ఏడుపు ఇంకా మొదలుకాలేదు. తెల్లవారేసరికి తండ్రి పాపను మార్కాపురంలోని చెవి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. లోపల చీము పట్టడం మొదలైందని, వేళకు తెచ్చారని వైద్యుడు చెప్పాడు. వారం మందులతో తగ్గింది. వెనుకటిసారి మూడు రోజులకు తెలిసిన సంగతి ఈసారి మూడు నిమిషాల్లో తెలిసింది. కనిపెట్టింది అవ్వ.

ముందు చెవి చూపించండి

ఈ సందర్భంలో తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నూటికి 75 మంది వరకు ఏదో ఒక స్థాయిలో వినికిడి ఇబ్బంది ఉంటుంది. చెవిలోని సన్నని గొట్టాలు ఇరుకుగా ఉండి, కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది. బిడ్డ చెవిటిది కాదు. పొడిగుడ్డ చెవిలో కుక్కుకున్నట్లు సగం సగం వినపడుతుంది. సగం వినపడిన మాటను పూర్తిగా పలకడం ఎవరి తరమూ కాదు. కనుక సైగలు మొదలుపెట్టినా, పెట్టకపోయినా వినికిడి పరీక్ష తప్పనిసరి. ఒకసారి చేయించి ఊరుకోకుండా వైద్యులు చెప్పినన్ని సార్లు చేయించాలి. సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్, కంటిచూపు కూడా చూపించుకోవాలి.

ఆలస్యమైనా అవకాశం ఉంది

గిద్దలూరు వైపు ఒక ఊళ్ళో 19 ఏళ్ళ యువకుడిని ఈ విలేకరి చూశాడు. అతనికీ డౌన్ సిండ్రోమే. నోట నాలుగు మాటలు మించి రావు. చిన్నప్పుడు సైగల సంగతి చెప్పినవారు లేరు. మాట వస్తుంది, వస్తుందని తల్లిదండ్రులు ఎదురుచూస్తూ ఉండిపోయారు. కోపం వస్తే గిన్నెలు విసిరేవాడు. తల్లి చేతి మీద పాత గాట్లు ఇంకా ఉన్నాయి. “వాడికి ఏం కావాల్నో తెలిస్తే ఇవ్వనా అన్నా? తెలవకనే ఇద్దరం ఏడ్చినాం” అన్నది ఆమె.

ఆరు నెలలుగా అతనికి మేనమామ కూతురు సైగలు నేర్పుతోంది. ఇంటర్ చదువుతున్న ఆ అమ్మాయి సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకున్నది. పన్నెండు సైగలు వచ్చాయి. వాటిలో అతను ఎక్కువగా వాడేది బర్రెలది - రెండు చేతులు తల మీద కొమ్ముల్లా పెట్టడం. బర్రెలతో పాటు చేలోకి వెళ్ళడమంటే అతనికి ఇష్టమని ఇంట్లో వారికి అప్పుడు తెలిసింది. ఇప్పుడు తండ్రి రోజూ తీసుకుపోతున్నాడు. గిన్నెలు విసరడం చాలావరకు తగ్గింది. ఇంగ్లండులోనూ ఈ పద్ధతి మొదలైంది పెద్దవారితోనే కదా. పసితనంలో మొదలుపెడితే మేలు, కాని వయసు మీరిందని వదిలేయవలసిన పని లేదు.

చట్టంలో ఉన్నది ఊరికి రావాలి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. అప్పుడు పెద్దాస్పత్రి అంటే నల్లమల దాటి వెళ్ళవలసినంత దూరం. తర్వాత జిల్లా కేంద్రం ఒంగోలు అయింది. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైనే. వాక్ చికిత్స నిపుణుని కోసం ఒంగోలుకో, గుంటూరుకో, హైదరాబాదుకో పోవలసిందేనని ఈ విలేకరి కలిసిన తల్లిదండ్రులు వాపోయారు. ఒక రోజు కూలి పోతుంది, బస్సుకో రైలుకో ఖర్చు అవుతుంది, అక్కడ చేసేది అరగంట పాఠం. నాలుగుసార్లు వెళ్ళి మానేసినవారే ఎక్కువ.

అందుకే ఇంట్లోనే నేర్పగలిగిన ఈ పద్ధతి మన మెట్ట ప్రాంతానికి మరింత అవసరం. దీనికి కావలసిన ఏర్పాట్లు ప్రభుత్వంలో కొంతవరకు ఉన్నాయి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు, అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు పరీక్షించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్ సిండ్రోమ్ కూడా చేరి ఉంది. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆ బృందాలకు బిడ్డను చూపించాలి. మేధో వైకల్యంపై ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులో ఉంది.

చట్టమూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో, మాట ఇబ్బంది ఉన్నవారి నిత్యావసరాల కోసం నోటి మాటకు తోడుగా సంకేత భాష వంటి ఇతర పద్ధతుల వాడకాన్ని విద్యలో ప్రోత్సహించాలని స్పష్టంగా రాసి ఉంది. అంటే సైగ అడగడం దయ కోరడం కాదు. అది బిడ్డ హక్కు.

మండలానికి ఒకసారి, ఒక్క రోజు, తల్లులకూ అవ్వలకూ అంగన్‌వాడీ కార్యకర్తలకూ కలిపి ఇరవై సైగలు నేర్పే శిబిరం పెడితే పెద్ద ఖర్చు కాదు. ఆ ఇరవై సైగల బొమ్మలను ఒక కాగితంపై అచ్చువేసి పంచితే ఇంకా మేలు. సంబంధిత అధికారులు ఈ దిశగా ఆలోచించాలని తల్లిదండ్రులు కోరుతున్నారు.

సంచిలో చిన్న నోటుపుస్తకం

మన పాప జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. మొదటి వారం ఇంటికి వచ్చేసరికి పెదవులు ఎండిపోయి ఉండేవి. బొటనవేలు నోటి దగ్గర పెట్టి అడిగినా, వేలు చీకుతోందనుకుని ‘తప్పు’ అంటూ చేయి దించారట. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. తెలియదు కనుక అలా జరిగింది. సైగ నేర్చిన బిడ్డకు, ఆ సైగ చదవగలిగిన మనిషి కూడా కావాలి.

తల్లి పదో తరగతి వరకు చదివింది. ఒక చిన్న నోటుపుస్తకంలో పాప సైగలన్నీ రాసింది. పక్కనే చేతి బొమ్మ వేసింది. ‘బొటనవేలు నోటి దగ్గర - నీళ్ళు. అరచేయి నిలబెడితే - చాలు. వేలితో పొడిచి చూపితే - అక్కడ నొప్పి, వెంటనే మాకు ఫోన్ చేయండి’ అని ఉంది అందులో. అది పాప సంచిలో పలకతో పాటు ఉంటుంది. ఉపాధ్యాయుడు చదివి నేర్చుకున్నాడు. ఆయన కంటే ముందు పక్కన కూర్చునే పిల్లలు నేర్చుకున్నారు. ఇప్పుడు తరగతి పిల్లలంతా నీళ్ళు అడగాలంటే బొటనవేలు నోటి దగ్గర పెడుతున్నారని ఆయన నవ్వుతూ చెప్పాడు.

పాప సంచిలోని పలక తండ్రి ఫ్యాక్టరీ నుంచి తెచ్చినదే. దాని మీద ఇంకా అక్షరాలు లేవు, గీతలే ఉన్నాయి. నోటితో పలికే మాటలు ఎనిమిది వచ్చాయి. అందులో మొదటిది ‘బువ్వ’. రెండోది ‘అవ్వ’.

“మూగదైపోతదని నేనే అడ్డం పడ్డా నాయనా. నన్ను పిలిచే పిలుపే రెండోది వచ్చింది” అని అవ్వ అంది. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికైనా తన మాట చెప్పమంది. ఆమె మాటగానే ఇక్కడ రాయడమైంది: మాట కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, ఈ పూట అన్నం పెట్టేటప్పుడే మొదటి సైగ చేయండి.